అక్క చేతి బరువు

దుకాణంలోకి ఎవరు వచ్చినా గాలాల మేస్త్రి ముందు వాళ్ళ కుడిచెయ్యి అడిగేవాడు. తన అరచెయ్యి వెల్లకిలా చాపి, అందులో చెయ్యి పెట్టమనేవాడు. పట్టుకునేవాడు కాదు. కళ్ళు మూసుకుని, తక్కెడలా ఒకసారి పైకీ కిందికీ ఆడించేవాడు. వాచీ ఉంటే తీసెయ్యమనేవాడు.

“నాడి చూస్తున్నావా, జాతకం చూస్తున్నావా?” అని కొత్తవాళ్ళు నవ్వేవారు.

“రెండూ రావు. బరువు చూస్తున్నాను.”

ఆ బరువును బట్టే గాలం కర్ర. ఆయన చేసేవి ఎర గుచ్చి గట్టున కూర్చునేవాళ్ళ గాలాలు కావు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, చేపను బోల్తా కొట్టించడానికి ఈకతో దారంతో కట్టిన ఉత్తుత్తి ఈగను పదేపదే విసిరేవాళ్ళవి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వెయ్యిసార్లు లేచే చేతికి కర్ర ఒక్క తులం ఎక్కువైనా మణికట్టు చెప్పేస్తుంది. అందుకే వెదురు గడను నిలువునా చీల్చి, ఆరు బద్దలు తీసి, ఒక్కొక్కదాన్ని ముక్కోణంగా చిత్రిక పట్టేవాడు. ఆరింటినీ జిగురుతో ఒకటి చేస్తే మొదలు దగ్గర వేలంత లావు, కొసన అగ్గిపుల్లంత. పట్టుదారం చుట్టి, వార్నిష్ పూసి, బెండు పిడి తొడిగేసరికి రెండు నెలలు పట్టేది. తొందరపెట్టినవాళ్ళకు ఒకటే జవాబు: “మీ అమ్మ తొమ్మిది నెలలు మోసింది. నేను రెండే అడుగుతున్నాను.”

ఈ పిచ్చి ఆయనకు అంటించింది అక్క. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో కాగితం కోసే యంత్రం దగ్గర పనిచేసింది. సెలవురోజు ఇంట్లో కనబడేది కాదు, ఏట్లో కనబడేది. తమ్ముడు చేసిన మొట్టమొదటి కర్ర ఆమెకే ఇచ్చాడు. రెండో విసురుకే విరిగింది. “పోనీలేరా, చేప బతికింది,” అంది.

పోయిన చలికాలం నుంచి ఆమె మంచం మీద ఉంది. కండ కరిగిపోయే జబ్బు. మందు లేదని డాక్టరు మేనకోడలితో చెప్పాడు, మేనకోడలు మేనమామతో చెప్పింది. అక్కకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఎండలు ముదరకముందే ఒకరోజు అడిగింది.

“ఒరేయ్, నాకో కర్ర చెయ్యి. వానలకు ఏరు బురదయ్యేలోగా ఒక్కసారి నీళ్ళలో నిలబడి విసరాలి.”

“పాతది ఉందిగా?”

“అది బరువెక్కిందిరా.”

“కర్రలు బరువెక్కవక్కా,” అని నవ్వాడు. అయినా కొంచెం తేలిగ్గా చేద్దామనుకున్నాడు.

ఆరోజు ఆయన ఆమె చెయ్యి అడగలేదు. చిన్నప్పుడు వీధి దాటించిన చెయ్యి, చెవి మెలిపెట్టిన చెయ్యి. తూచేదేముంది, కంఠతా వచ్చు అనుకున్నాడు. అది సగమే నిజం. మంచానికి కుడిపక్కన ఖాళీ కుర్చీ ఉండేది. ఆయన రోజూ వచ్చి ఎడమపక్కన, కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. ఆ చేతిని దుప్పటి మీద చూసిన ప్రతిసారీ కిటికీ వైపు తిరిగి ఎండ గురించి మాట్లాడేవాడు.

రెండు నెలలకు కర్ర గుడ్డ సంచిలో వచ్చింది. మేనకోడలు తల్లి వెనక దిండ్లు ఎత్తుగా పెట్టింది.

“మామయ్యా, నా పెళ్ళికి కూడా ఇంత టైముకు రాలేదు నువ్వు.”

“నీ పెళ్ళి రోజుకు వార్నిష్ ఆరలేదే.”

రెండు ముక్కలుగా ఉన్న కర్రను కలిపితే కొస వరండాలోకి వెళ్ళింది. పిడి అక్క చేతికి అందించాడు. ఆమె దారం చుట్లు చూసింది, వేలితో రాసి చూసింది. ఎత్తింది. కొస జానెడు లేచి, దుప్పటి మీదికి వాలింది. ఎడమచెయ్యి కూడా సాయం వేసి మళ్ళీ ఎత్తింది. ఈసారి జానెడు కూడా లేవలేదు.

“దారం బాగా చుట్టావు,” అంది.

పిడి మీద బొటనవేలు ఆనించి తమ్ముడి వైపు చూసింది.

“ఎవరికిరా ఇది?”

“నీకే.”

“నాకు కాదు. నీ చెవి మెలిపెట్టిన మనిషికి చేశావు. ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయింది.” కర్ర పక్కన పెట్టింది. “చెయ్యి చాపు.”

చాపాడు. ఆమె తన కుడిచెయ్యి తెచ్చి అందులో పెట్టింది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు, చెయ్యి ఆడించలేదు. మిగతా బరువు ఇంకా వస్తుందేమో అన్నట్టు కాసేపు ఆగాడు.

“ఎంతుంది?”

“తక్కువే.”

“దీనికి కర్ర అవుతుందా?”

“అవుతుంది. ఇంకా సన్నగా తియ్యాలి. పొడుగు తగ్గించాలి.”

“ఎన్నాళ్ళు?”

మేనకోడలు దిండు సర్దడం ఆపింది. వానలకు రెండు వారాలు కూడా లేవు. మేస్త్రి ఇంతవరకూ ఎవరికీ రోజులు తగ్గించి చెప్పి ఎరగడు.

“రెండు నెలలు.”

“సరే,” అంది అక్క. “తొందరేం లేదులే.”

మేనకోడలు గేటు దాకా వచ్చింది.

“మామయ్యా, అమ్మ నెల రోజులు కూడా...”

“తెలుసమ్మా.”

“తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావు?”

“నా చేతిలో చెయ్యి పెట్టింది కదా.”

ఆమె గేటు గొళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆయన సంచి భుజాన వేసుకుని వీధి మలుపు తిరిగాడు.

మర్నాడు పొద్దున గాలాల మేస్త్రి రోజూకన్నా ముందే దుకాణం తెరిచాడు. గోడకు ఆనించిన వెదుళ్ళను ఒక్కొక్కటే వేలి కణుపుతో తట్టి, సన్నపాటి గడ ఒకటి ఎంచాడు. దాన్ని బల్లకు బిగించి, మొన మీద కత్తి ఆనించి, చెక్క సుత్తితో కొట్టాడు. పగులు తిన్నగా దిగి మొదటి కణుపు దగ్గర ఆగింది. కత్తి కొంచెం కదిలించి, మళ్ళీ కొట్టాడు.