పెట్టె మీది రాత

సౌభాగ్యలక్ష్మి టీచరు ఒకచోట కూర్చునే మనిషి కాదు. ఈ ఏడాది మరీ కాలుకాలిన పిల్లి. రెడ్డిగూడెం దగ్గరి చిన్న బడిలో రెండో తరగతికి ఆవిడ అఆలు దిద్దించడం మానేసింది. పిల్లలు చెప్పే కబుర్లే బోర్డు మీద రాసి, వాటినే చదివించేది. అర్థం తెలిస్తే అక్షరం దానంతట అదే వస్తుందని నమ్మకం. "పునాది లేకుండా మేడేంటండీ?" అని హెడ్మాస్టరు దత్తాత్రేయ సణుగుతూనే ఉన్నాడు.

ఆ నమ్మకానికి ఆవిడ చూపించే సాక్ష్యం ఆ తరగతిలోని తేజస్వి. దాని నాయనమ్మ అమృతమ్మ మామిడికాయల షెడ్డులో కాయలు ఏరుతుంది, అక్షరం ముక్క రాదు. ప్రైవేటు బడి మాన్పించి మరీ మనవరాలిని ఈ టీచరు చేతిలో పెట్టింది. పిల్ల బోర్డు చూసి గడగడా చదువుతుంటే టీచరుకు కడుపు నిండేది. ఇంటికెళ్లాక మాత్రం, అది చదువుతోందా, ఒప్పజెబుతోందా అని ఒకటే పీకులాట.

వేసవి సెలవులిచ్చినా ఆ పీకులాట వదల్లేదు. ఓ సాయంత్రం షెడ్డుకే వెళ్లింది. ముగ్గిన కాయల్ని గడ్డి పరిచిన అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

"రండి టీచరుగారూ!" అంటూ అమృతమ్మ మనవరాలిని ఒక పెట్టె ముందుకు తోసింది. "దీనిమీదేం రాసుందో చదివి వినిపించవే."

తేజస్వి అక్షరాల మీద వేలు పెట్టింది. ముక్కుతో ఓసారి వాసన పీల్చింది.

"చిన్నరసాలు!"

ఏరేవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పెట్టె మీద ఉన్నది బంగినపల్లి. పాత పెట్టెల్లో ఏ కాయ పడితే ఆ కాయ నింపడం అక్కడ మామూలే. షెడ్డు యజమాని తిరుపతిరావు ఒక్కడే చప్పట్లు కొట్టకుండా టీచరు వైపు చూశాడు.

నవ్వేసి ఊరుకోవచ్చు. ఆవిడ గుమ్మందాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"తప్పు చదివింది అమృతమ్మా. దానిమీద బంగినపల్లి అని ఉంది."

"లోపలున్నవి రసాలే కదండీ! రాసినోడిదే తప్పు."

"కాదమ్మా, నాది. ఊహించడం నేర్పాను గానీ, అక్షరం చూడడం నేర్పలేదు."

టీచరు గడ్డిలో చతికిలబడి పిల్ల వేలు పట్టుకుంది. "వాసన చూడకు. ఇది చూడు. బం."

"బం," అని ఆగిపోయింది తేజస్వి. "మరి బళ్లో నేను చదివిందంతా ఏంటి టీచర్?"

"అవి నువ్వు చెప్పిన కబుర్లే తల్లీ. నీకు ముందే తెలుసు."

తేజస్వి పెట్టె మీంచి వేలు తీసేసింది.

"అయితే నాకు చదవడం రాదా?" అంది, నాయనమ్మ వింటుండగానే.