మామగారు గోడవైపు తిరిగి ఎంచిన కుర్చీ

నా నడుము నొప్పి కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల వచ్చిందని డాక్టరు తేల్చేశాడు. ఆయనకేం తెలుసు? అది నా మర్యాద వల్ల వచ్చిన నొప్పి.

తొంభైల చివర్లో పెళ్ళయి బెంగళూరు పేటలోని ఆ ఇంటికి వచ్చాను. అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో ఉండేది మా ఆయన, మామగారు, నేను. మా ఆయన పొద్దున్నే కంపెనీ బస్సులో హొసకోటె వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. మామగారు నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసి, మగ్గం ఆపేసిన మనిషి. ఆయన మగ్గం గుంతమగ్గం. గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి నేసేవారట. నేను వచ్చేనాటికి ఆ గుంత పూడ్చి సిమెంటు పూసేశారు. ముందు గదిలో సరిగ్గా ఆ చోటే నా కంప్యూటర్ బల్ల పడింది, ప్లగ్గు అక్కడ ఒక్కచోటే ఉంది కాబట్టి.

నా పని పెళ్ళి పత్రికలు. చిక్కపేట దగ్గరి ఒక ప్రెస్సు వాళ్ళు చేతిరాత కాగితాలు పంపేవారు. నేను వాటిని కన్నడంలోనూ తెలుగులోనూ టైపు చేసి, అంచులకు తీగలూ మూలల్లో అరటిచెట్లూ అమర్చి ఇచ్చేదాన్ని. ఆ పనంటే నాకు పిచ్చి. వంట అందరి కోసం, ఇల్లు అందరిదీ. ఆ బల్ల ముందు గడిపే నాలుగు గంటలు మాత్రం నావి. అవి పోతే నేనేమైపోతానో అని భయంగా కూడా ఉండేది.

చిక్కల్లా కూర్చోవడంలో వచ్చింది. మా వాళ్ళలో కోడలు మామ ఎదుట కుర్చీలో కూర్చోదు. నాకెవరూ నేర్పలేదు. మా తాత ఇంట్లో ఉన్నంతసేపూ మా అమ్మ గోడ పక్కన నిలబడి ఉండటం చూస్తూ పెరిగాను, అంతే. మామగారేమో రోజంతా ఇంట్లోనే ఉండేవారు. వీధిలోకి పోవాలన్నా, తిరిగి రావాలన్నా ముందు గది దాటాల్సిందే, పెరటి తలుపు అవతల మురికి కాలవ సందు తప్ప వేరే దారి లేదు. నేలమీద కూర్చుంటే నాకు కీబోర్డు అందదు. బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. స్టూలు! దానికి వీపు లేదు, చేతులు లేవు, కాబట్టి అది కుర్చీ కాదు. దానిమీద కూర్చుంటే మర్యాద తప్పినట్టు కాదు. ఇలాంటి తీర్పులివ్వడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఏడాది తిరిగేసరికి నీళ్ళ బిందె ఎత్తలేకపోయాను. నడుముకు ఆనుడు ఉండాలి, పాదాలు పూర్తిగా నేలకు తగలాలి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, లేదంటే ఈ పని మానుకోవాలి అన్నాడు డాక్టరు. మా ఆయన ఆ వారమే తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి పడేశాడు. దానిమీద పాత పేపర్లు కూర్చున్నాయి, ఉతికిన బట్టలు కూర్చున్నాయి, నేను తప్ప. "కుర్చీ తెస్తే కూచోవు, స్టూలు మీద కూచోని మూలగతావు. నీకు మందు లేదు పో" అని విసుక్కున్నాడు. విసుక్కోడా మరి!

చివరికి ఒకరోజు ప్రెస్సుకు ఫోన్ చేసి, ఈ ముహూర్తాలు కాగానే వేరే మనిషిని చూసుకోండని చెప్పేశాను. ఫోన్ పెట్టి, అక్కడే గోడకు తల ఆనించి ఏడ్చాను. మామగారు నడి గది గుమ్మంలో ఉన్నారని చూసుకోలేదు.

"యాలమ్మా ఏడ్చేది?" అన్నారు.

"సొంట నొప్పి మామా. పని మానేస్తా ఉండాను." నడుమును మా ఇంట్లో కన్నడ మాటతో సొంట అనే అనేవాళ్ళం.

ఆయన కోపంగా, "కూచునే చోటు సరిగా లేకుంటే చోటు మార్చుకుంటారు గానీ పని మానేస్తారా? నలభై ఏండ్లు కూచోనే బతికినోణ్ణి ఇంట్లో ఉండాను. నన్నొక మాట అడగకూడదా?" అన్నారు. నిజమే. ఆ ఇంట్లో కూర్చోవడం గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని నేను అడగనే లేదు.

మర్నాడు ఇద్దరం సిటీ బస్సెక్కి శివాజీనగర్ వెళ్ళాం. కొత్తగా తెరిచి అంతలోనే మూసేసిన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల సామాన్లు అప్పట్లో అక్కడి దుకాణాల్లో గుట్టలుగా పడి ఉండేవి. దుకాణం ఆయన మమ్మల్ని చూడగానే నల్లటి రెగ్జిన్ కుర్చీ ఒకటి ముందుకు లాగాడు. తలకంటే ఎత్తు వీపు, గుండ్రంగా తిరుగుతుంది, మేనేజరు కుర్చీ అట. నాకు చూడగానే నచ్చేసింది. దాని దర్జా అలాంటిది.

"కూచో" అన్నారు మామగారు.

నేను కొంగు పట్టుకుని నిలబడ్డాను. దుకాణం ఆయన కూడా కూర్చోమన్నాడు. మామగారు మళ్ళీ చెప్పారు. నా కాళ్ళు వంగవే! పది మంది తిరిగే చోట మామ ఎదురుగా మేనేజరు కుర్చీలో కూర్చోవడమా? సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయనకు అర్థమైంది. అప్పుడు ఆయన చేసిన పని నేను ఈ జన్మలో మర్చిపోను. మెల్లగా వెనక్కి తిరిగి, ముఖం గోడవైపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"నేను చూడ్ను. ఇప్పుడు కూచో."

కూర్చున్నాను.

"కాళ్ళు నేలకి ఆనినాయా?" గోడనే అడిగారు.

"మునివేళ్ళు మాత్రమే మామా."

"లే. అది నీది కాదు."

అలా ఆరు కుర్చీలు మారాయి. నేను కూర్చోవడం, ఆయన గోడను అడగడం. మోకాలి వెనక నాలుగు వేళ్ళు దూరతాయా? సొంట వంపుకు ఏమన్నా తగలతా ఉండాదా, ఊరికే గాలేనా? మోచేతులు మన బల్ల ఎత్తుకి సమంగా వస్తాయా, భుజాలు పైకి లేస్తాయా? గుంత అంచున సరిగ్గా కూర్చోకపోతే మధ్యాహ్నానికే కాళ్ళు తిమ్మిరెక్కుతాయని, నేత బిగువు తప్పుతుందని మధ్యమధ్య చెబుతున్నారు. దుకాణం ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు గానీ నవ్వలేదు, పాపం. ఏడోది బూడిదరంగు గుడ్డ కుర్చీ, పొట్టిది, ఏ దర్జా లేనిది. అందులో కూర్చోగానే నడుముకు ఎవరో అరచెయ్యి ఆనించినట్టయింది. నేను మాట్లాడకముందే ఆయన, "ఇదేనా?" అన్నారు. నా నిట్టూర్పు వినబడిందేమో.

ఇంటికి రాగానే ప్రెస్సుకు ఫోన్ చేసి, పని మానడం లేదని చెప్పాను.

కథ ఇక్కడితో అయిపోవాలి. నేనెక్కడ అవనిస్తాను? స్టూలు మీద ఉన్నప్పుడు లేచే పని లేకపోయింది. ఇది కుర్చీ. ఆయన గదిలో అడుగు పెడితే చాలు, దిగ్గున లేచేదాన్ని. ఆయన "కూచోమ్మా" అనేవారు, నేను కూర్చునేదాన్ని, మళ్ళీ వస్తే మళ్ళీ లేచేదాన్ని. గంటకోసారి లేవమన్న డాక్టరు కూడా ఇన్నిసార్లు అడగలేదు. నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. అంతలో మామగారు ముందు గదిలోకి రావడం తగ్గించేశారు. ఎండలకు పడుకుంటున్నారేమో అనుకున్నాను. అబద్ధమెందుకు, నాకు హాయిగానే ఉంది. నొప్పి కూడా పూర్తిగా పోయింది.

వానలు పడ్డాక ఒకరోజు మా వెనకింటావిడ పెరటి గోడ మీంచి పిలిచింది. "మీ మామ దినామూ మా కాలవ సందులోనే పోతా వస్తా ఉండాడే! అంతా పాచి. జారి పడితే ఏం గతి? ఎందుకప్పా ఈ దోవన అంటే, కోడలు పనిలో ఉండాది, నేను పోతే లేస్తాది అంటాడు."

సిగ్గుతో నాకు ముఖం వేడెక్కింది. వెంటనే కోపం కూడా వచ్చింది, నా మీదో ఆయన మీదో తెలియలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి నా నడుము కోసం నెలల తరబడి మురికి సందులో నడుస్తున్నారు. నేను హాయిగా ఉందనుకున్నాను.

మర్నాడు ఆయన పెరటి దారిన బయటికి వెళ్ళగానే పెరటి తలుపుకు లోపల గడియ వేశాను. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఆయన చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోకి వచ్చారు.

"ఎనకాల గడియ పడుండాదమ్మా."

"నేనే ఏసినాను మామా. ఈ దోవనే రాండి."

మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన చెప్పులు విడిచి, నా వెనక నుంచి నెమ్మదిగా నడిచారు. నడి గది గుమ్మం దగ్గర ఆగారు.

"సొంట ఎట్లుండాది?"

"ఇప్పుడు నొయ్యడం లే మామా" అన్నాను, కూర్చునే.

"ఊఁ" అని లోపలికి వెళ్ళారు. నేను పెళ్ళికూతురి పేరు టైపు చేయబోయాను. తెరమీద అక్షరాలు అలుక్కుపోయి ఏమీ కనబడలేదు.