ఫ్రీజర్‌లో చింతగింజ

మొన్న గాలివానకు మా బాపట్లలో పూటంతా కరెంటు లేదు. వచ్చాక మా కోడలు ఫ్రీజర్ తెరిచి, "ఏంటత్తయ్యా, ఈ గ్లాసులో ఐసు మీద చింతగింజ ఎందుకు?" అని అడిగింది. అది మా తెనాలి పిన్ని పెట్టించిన కాపలా అన్నాను. నవ్వింది. నవ్వదా మరి, చింతగింజను కాపలా పెట్టుకున్న ఇల్లు ఆ పిల్ల ఇంకెక్కడ చూస్తుంది.

ఎనభైల చివర్లో తెనాలిలో వాళ్ల వీధికి మొదటి ఫ్రిజ్ మా పిన్నిదే. ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది, తన జీతంతో తనే కొనుక్కుంది. వంటింట్లో చోటు లేక ముందు గదిలో పెట్టి, పైన అల్లిక గుడ్డా, దాని మీద ప్లాస్టిక్ పూలూ అమర్చింది. రేపల్లెలో ఉండే బాబాయి అక్కగారికి, అంటే మా అత్తయ్యకు, అదంటే ఒళ్లుమంట. "వండిన పూట తినక, దాచుకు తినే ఖర్మ మనకేంటిరా" అని తమ్ముణ్ణి దులిపేసింది. ఆ ఏడు పిన్ని పనితనం కూడా అలాగే ఏడ్చింది. క్రిస్మస్ రోజుల్లో పచ్చిబఠాణీ చవగ్గా వస్తే గంపెడు ఒలిచి, పచ్చివి పచ్చిగానే పెద్ద స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లోకి తోసింది. బాబాయి నిజాంపట్నం నుంచి తెచ్చిన వంజరం చేప ముక్కలు కాగితంలో చుట్టి దాని మీదే పెట్టాడు. ఎండలు మొదలయ్యాక చూస్తే బఠాణీలన్నీ ఒకే బండ. రోకలితో పగలగొట్టి వండితే నీచు కంపు. అత్తయ్య ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపింది. అక్కడ ఒక్క మాటా అనలేదు. రేపల్లె వెళ్లాక మాత్రం అనని పెళ్లిపందిరి లేదు.

మరుసటేడు పిన్ని చంటివాడి బాప్తిస్మం మే నెలలో పెట్టుకున్నారు. విందుకు బఠాణీ పలావ్ అని పిన్ని ముందే చాటేసింది. బాబాయి మొహం వాడిపోయింది. అత్తయ్య మాత్రం తీరిగ్గా, "ఈసారీ పాడైతే ఆ ఐసు బీరువా అమ్మేస్తావా అమ్మాయ్?" అంది. "అమ్మేస్తాను వదినా. మీరు చెప్పిన రోజే" అంది పిన్ని. తను అన్నంత పనీ చేసే మనిషి. సెలవులకు నేను తెనాలి పరిగెత్తేది ఆ ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ల కోసమే కాబట్టి నాకు బెంగ పట్టుకుంది.

ఈసారి చలికాలంలోనే కొన్న బఠాణీని మరుగుతున్న నీళ్లలో కాసేపే ఉంచి తీసి, వెంటనే చల్లటి నీళ్లలో వేసింది. పాత పంచె మీద తడి లేకుండా ఆరబెట్టి, ఒక పూట వంటకు సరిపడా చిన్న చిన్న కవర్లలో గాలి నొక్కేసి కట్టింది. బయటికి తీసి కరిగిన కవరు మళ్లీ లోపలికి వెళ్లకూడదని మా అందరికీ ఆజ్ఞ. చేపకు ఆ గడపే నిషిద్ధం. కవర్ల మధ్య గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, ఆ ఐసు మీద చింతగింజ పెట్టింది. "ఐసు కరిగితే గింజ అడుక్కి పోద్ది. మళ్లీ గడ్డకట్టినా అడుగునే ఉంటది. మనం ఇంట్లో లేకపోయినా ఏం జరిగిందో అదే చెప్తదే" అంది నాతో.

సరిగ్గా విందుకు ముందురోజు పొద్దున్నే వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అప్పుడే రేపల్లె రైలు దిగి వచ్చిన అత్తయ్య విసనకర్ర పుచ్చుకుని ఫ్రిజ్‌కు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పిన్ని బట్టల బీరువాలోంచి బొంతలన్నీ లాగి ఫ్రిజ్‌కు చుట్టబెట్టింది. బాబాయి మంచినీళ్లకని చెయ్యి చాపితే, "తలుపు తీశారంటే ఊరుకోనండి" అంది. ఆ మధ్యాహ్నం అందరం కుండనీళ్లే తాగాం. భోజనాలు అయ్యాక ఎప్పటికో కరెంటు వచ్చింది. తలుపు అప్పుడూ తియ్యనివ్వలేదు.

మర్నాడు పొయ్యి వెలిగించాక, "వదినా, మీరే తియ్యండి" అని పిలిచింది. అత్తయ్య గ్లాసు తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. గింజ పైనే ఉంది. గోటితో గీకి చూసింది, ఊడి రాలేదు. నేను గంతులేశాను. పిన్ని కొంగు దోపుకుని, బఠాణీలు గలగలలాడుతుంటే అలాగే ఎసట్లో పోసింది. "కరగనివ్వక్కర్లేదూ?" అంది అత్తయ్య. "అక్కర్లేదు వదినా, ఇలాగే వెయ్యాలి." పందిట్లో అత్తయ్య పలావ్ రెండోసారి వడ్డించుకుని, బఠాణీలు ఏరుకుని తింది. సాయంత్రం రైలుకు బయలుదేరుతూ, గుమ్మంలో ఆగి, "ఆ గింజ నాకివ్వు అమ్మాయ్" అంది. ఆ క్షణాన మా పిన్ని మొహం చూసి తీరాలి. ఊరేగింపు ఒక్కటే తక్కువ.

తర్వాత కొన్నేళ్లకు, తొంభైల్లో, రేపల్లెలో అత్తయ్య ఫ్రిజ్ కొంది. అందులో మొదట పెట్టింది ఆ గింజనే. వీధంతటికీ ఆ విద్య తనే కనిపెట్టినట్టు నేర్పింది. సంగతి తెలిసి పిన్ని కడుపారా నవ్వింది. నేను ఫ్రిజ్ కొన్నప్పుడు నాకూ ఓ గింజ తనే పెట్టించింది.

ఇప్పుడు ఆ వదినా లేదు, ఆ మరదలూ లేదు. మా కోడలు గ్లాసును వెలుగుకు ఎత్తి చూసి, "పైనే ఉందత్తయ్యా" అంది, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేస్తూ. కాలం మాలో ఎవరెవరిని కరిగించుకుపోయిందో. ఈ గింజను మాత్రం ముంచలేకపోయింది.