నిలబడ్డ మనిషి బొమ్మ

డ్రాయింగు పరీక్ష పాసైతే కొండ దింపి మైదానానికి బదిలీ చేస్తానన్నాడు తనిఖీ దొర. ఆరేళ్లుగా చలిజ్వరాలతో అలిసిపోయిన పెదబయలు బడిపంతులు సన్యాసిరావు, బడి విడిచాక రోజూ మనిషి బొమ్మ గీస్తాడు. కాగితం చిరిగేదాకా చెరుపుతాడు. నిలబడ్డ మనిషి ప్రతిసారీ గుంజలాగే వస్తాడు. నిన్న సంతకు పోతున్న కొండమనిషి కనకను ఆపి, తలమీది చోడిగింజల గంప దించి నిలబడమన్నాడు. ఆమె గంప దించి చతికిలబడింది.

"నిలబడమంటే కూచుంటావేమే?"

"బరువు దించినాక నిల్చోడమేటి మేస్టారూ? మీ కిందోళ్లకి కాళ్లు లాగవేటి?"

సన్యాసిరావు ఆమెను లేపి, గంపను తిరిగి తలకెత్తాడు. మొదటిసారి లేవలేదు, రెండోసారి మోకాలు ఆనించాల్సి వచ్చింది.

"బేగి గియ్యండి, మెడ పీకేత్తంది."

అతను ఈసారి ముఖం జోలికి పోకుండా, మెడ దగ్గర మొదటి గీత గీశాడు.