ఒక కుర్చీకే సరిపోయిన తివాచీ

అరవై దాటాక మొదటిసారి పెళ్లి చేసుకున్నవాడికి బుద్ధి ఏపాటి ఉంటుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. నాకు తెలిసిరావడానికి మాత్రం మూడు తివాచీలు కొనాల్సివచ్చింది.

నా పేరు మెర్ల్ టూమినెన్. మాది మిషిగన్‌లో ఉత్తరాన, సరస్సు మీది గాలి నేరుగా వచ్చి మొహాన కొట్టే ఊరు. రిటైరయ్యేదాకా కౌంటీవాళ్ల మంచు తోసే లారీ నడిపాను. ముందు పన్నెండడుగుల ఇనప పలక, రోడ్డుకి అటూ ఇటూ ఆపిన కార్లు, మధ్యలో నేను. ఒక్క కారుకీ గీత పడనివ్వలేదు. రోడ్డు పక్క ఉత్తరాల డబ్బాలు కొన్ని పోయాయిగానీ వాటిని నేను లెక్కలోకి తీసుకోను. ఆ ఉద్యోగం చివరికి నాకు మిగిల్చినవి రెండు: నడుంనొప్పి, నా కంటికొలతకి తిరుగులేదన్న నమ్మకం. రెండింటికీ మందు దొరకలేదు.

లోర్నా పరిచయమైందీ ఆ లారీ వల్లే. పళ్లడాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. భర్త పోయి చాలాకాలమైంది. ఒక పొద్దున ఇంటి ముందు కారు దారిలో మంచునంతా తవ్వేసుకుని, పార ఆనించి నిలబడి ఊపిరి పీల్చుకుంటోంది. సరిగ్గా అప్పుడే నేను లారీలో వచ్చి, నడుమెత్తు మంచుగట్టు ఆ దారికి అడ్డంగా పోసి ముందుకి పోయాను. ఆమె పరిగెత్తుకొచ్చి పారెడు మంచు నా అద్దం మీదకి విసిరింది.

"ఏవయ్యా, ఇక్కడ మనుషులు కనబడట్లేదా నీకు?"

"రోడ్డు తొయ్యడమే నా పనండీ."

"అయితే దిగి ఇది కూడా తొయ్యి!"

దిగాను, తోశాను. కాఫీ ఇచ్చింది. మరుసటి చలికాలానికి పెళ్లయిపోయింది.

ఆమె తన సోఫా, ఆకుపచ్చ కుర్చీ తీసుకుని మా ఇంటికి వచ్చింది. అంతవరకూ మా ముందుగదిలో ఉన్నదల్లా నా కుర్చీ, దాని ముందు టీవీ. చెక్కనేల. చలికాలం అడుగు పెడితే జివ్వుమంటుంది.

"ఒక తివాచీ వేసుకుందాం మెర్ల్. ముందు గది కొలుద్దాం, టేపు తెస్తానుండు," అంది.

"టేపెందుకు? కళ్లున్నాయిగా," అన్నాను.

ఒక్కణ్ణే కొట్టుకి వెళ్లాను. అక్కడ నడిచే దారిలో పరిచినప్పుడు ఒక ఎర్ర తివాచీ మైదానమంత కనబడింది. ఇంటికి తెచ్చి నా కుర్చీ కింద పరిచాను. నాలుగు కాళ్లూ, కాళ్లు చాపుకునే పీటతో సహా, కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. కూర్చున్నాను. వెచ్చగా ఉంది.

"ఎలా ఉంది?"

అవతల తన కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్న లోర్నా, "రంగు బాగుంది," అంది.

నాకు 'బాగుంది' అన్నమాటే వినబడింది. ఆ నెలంతా ఆమె ఇంట్లో రెండేసి జతల మేజోళ్లు వేసుకుని తిరిగింది. అల్లడం అంటే సరదా, అల్లినవన్నీ వేసుకుంటోంది కాబోలు అనుకున్నాను.

ఒక ఆదివారం లోర్నా అక్క బెర్నీస్ భోజనానికి వచ్చింది. కోటు విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం మరిదిగారూ, ఇది తివాచీయా, చేతిరుమాలా?"

"కొట్లో పెద్దదిగానే ఉంది వదినా."

"నీకు సరిపోయిందిలే. మరి మా చెల్లెలు? చుట్టపుచూపుగా వచ్చిందా ఈ ఇంటికి?"

నేను నవ్వాను. లోర్నా నవ్వలేదు. అప్పుడు చూశాను ఆమె కుర్చీ ఎక్కడుందో: వట్టి చెక్కనేల మీద. ఎప్పట్నుంచో ఆ గదిలో ఒక్కణ్ణే బతికినవాణ్ణి. నేనంత నమ్ముకున్న కన్ను గదిని కొలవలేదు, నన్ను కొలుచుకుని వచ్చింది.

సిగ్గుపడ్డవాడు ఊరుకుంటే బాగుండేది. మర్నాడు లోర్నా సరుకులకి వెళ్లగానే, పక్కింటి రేమండ్‌ని వెంటేసుకుని కొట్టుకి పోయాను.

"మీ గదెంతండీ?" అన్నాడు కొట్టతను.

"పెద్దదే," అన్నాను, ఈసారి కూడా టేపు అవసరం లేదన్న ధీమాతో. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది కట్టించాను.

ఇద్దరం మోసుకొచ్చి, సోఫా ఎత్తి, పరిచేసరికి అది రెండువైపులా గోడలెక్కింది. గది నీళ్లతొట్టిలా తయారైంది. ఇల్లు వెచ్చబడేందుకు నేలలోంచి వేడిగాలి వచ్చే జాలీ ఎక్కడో దాని కిందకి పోయింది. అంతలో బయట కారు ఆగింది.

"మెర్ల్, తలుపు తియ్యి. చేతుల్లో సంచులున్నాయి."

మా తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లాగాను. బెత్తెడు జరిగి తివాచీకి కొట్టుకుని ఆగిపోయింది.

"రావట్లేదు," అన్నాను.

"ఎందుకు రాదు?"

"తివాచీ వచ్చింది."

"వెనకనుంచి వస్తాలే," అంది.

"అక్కడ మంచు తియ్యలేదు," అన్నాను. ఊరందరి మంచూ తోసినవాణ్ణి.

రేమండ్ గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. "నువ్వు గొప్పవాడివిరా మెర్ల్, ఇంట్లోకి దొంగ కూడా రాలేడు!" మళ్లీ సోఫా ఎత్తి, తివాచీ చుట్టి, తలుపు తీసేసరికి లోర్నా ముక్కు ఎర్రబడిపోయింది. తిడుతుందని తలొంచుకుని నిలబడ్డాను. ఆమె ఆ తివాచీ చుట్ట చూసింది, మమ్మల్ని చూసింది, సంచులు కింద పెట్టి చుట్ట మీదే కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది.

తర్వాత లేచి పాత దుప్పట్లు తెచ్చి తివాచీకి బదులుగా నేలమీద పరిచింది. గోడల పక్కన నేల కొంచెం కొంచెం కనబడేలా అంచులు మడిచింది. సోఫావీ, రెండు కుర్చీలవీ ముందుకాళ్లు దుప్పట్ల మీదకి జరిపించింది.

"ఇక నీ కుర్చీలో కూర్చో. లే. వంటింట్లోకి నడు. ఇప్పుడు తలుపు తియ్యి."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. అప్పుడు టేపు తీసి ఒక కొస నా చేతికిచ్చి, "కదలకు," అంది. ఆ పని నాకు బాగానే వచ్చింది. దుప్పట్లు పరిచినంత మేర తొమ్మిదికి పన్నెండు అడుగులు.

మూడోది ఇద్దరం కలిసి వెళ్లి తెచ్చాం. ఎంచుకున్నది ఆమె, బండి నడిపింది నేను. పెద్దదాన్ని చర్చి కింది హాలువాళ్లు సంతోషంగా తీసుకున్నారు. చిన్నది మంచం దగ్గర లోర్నా దిగేవైపు వేశాను. దాన్ని మాత్రం చెప్పించుకోకుండానే వేశాను.

బెర్నీస్ మళ్లీ వచ్చినప్పుడు గది చుట్టూ ఒకసారి నడిచింది, మడమతో అంచు నొక్కి చూసింది. తివాచీలో వంక దొరకలేదు. పైకి చూసింది.

"ఈ పరదాలేంటి, జానెడు పొట్టిగా ఉన్నాయి? ఎవరు కొలిచారు?"

"నేనే," అంది లోర్నా.

నేను కిటికీలోంచి మంచుని శ్రద్ధగా చూశాను. ఇద్దరివైపూ చూస్తే నవ్వు ఆపుకోగలనన్న ధైర్యం లేదు. ఆ సాయంత్రం రేమండ్ కూడా వచ్చాడు. నలుగురం మేజోళ్లతో కూర్చుని చీకటి పడేవరకూ పేకాడాం. ఆ గదిలో నలుగురు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. వరసగా ఓడిపోతూనే ఉన్నాను, అయినా ఇంకో ఆట వెయ్యమని అడిగింది నేనే.