ఎడమవైపు కిటికీ

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో బాబావలి మాల్టా ద్వీపానికి సెలవుల టికెట్లు అమ్మేవాడు. కడప మనిషి, మాల్టాను కంటితో చూసింది లేదు. చూడనివాడు చెప్పేదేమిటని కొందరు నవ్వేవారు. నవ్వనీ, చూసొచ్చినవాళ్లకు టీ పోసి మరీ అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"పొద్దున్నే కోట గోడెక్కండి సార్. ఎండ ముదరకముందే పడవలో నీలి గుహలకు పోండి. సాయంత్రం రేవుకాడ చేపలు తినకుండా రావద్దండి," అని టికెట్లకొచ్చే మనవాళ్ల ఇంజినీర్లకు చెప్పేవాడు. సీటు మాత్రం ఎప్పుడూ ఎడమవైపు కిటికీ పక్కనే ఇచ్చేవాడు. విమానం దిగేటప్పుడు దీవంతా అటే కనబడుతుందని ఎవరో చెప్పారు.

పరాయి దేశస్తుల కుటుంబాల మీద సౌదీ సర్కారు తలకింతని లెవీ, అంటే నెలనెలా పన్ను, వేశాక మాల్టా ఊసెత్తేవాళ్లే లేరు. అందరూ పెళ్లాం పిల్లలను ఇంటికి పంపే వన్‌వే టికెట్లే అడిగారు. చివరికి తన భార్య ఖుష్బూకూ, పిల్లలకూ అతనే టికెట్లు తీశాడు. అలవాటైన చెయ్యి, ఎడమవైపు కిటికీయే ఇచ్చింది.

ఖుష్బూ టికెట్ చూసి అడిగింది.

"ఈ పక్క ఏముంటాది చూసేదానికి?"

బాబావలి టికెట్ మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"విమానం లేచేటప్పుడు ఈడి మన మిద్దె కనపడ్తాదేమో చూడు. నేను పైకెక్కి నిలబడుకోనుంటా."