టైరు మీద సుద్దగీత

బట్టలు కుట్టే పెద్దమ్మ ప్రతి ఆదివారం పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, పాత కారు బ్యాటరీకి విప్పి ఉంచిన తీగ బిగించేది. పావుగంట ఇంజను నడిపి, కారును జానెడు జరిపి, టైరు నేలను తాకిన చోట గుడ్డలు కత్తిరించేటప్పుడు వాడే సుద్దతో గీత పెట్టేది. ఎప్పుడూ ఒకే చోట బరువు మోస్తే టైరు అణిగిపోతుందని పెదనాన్న చెప్పేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయినా ఆమె ఒక్క ఆదివారం కూడా ఆ గీత తప్పనివ్వలేదు. కారు రోడ్డెక్కేది మాత్రం ఏడాదికి మూడు నాలుగుసార్లే.

ఒక ఆదివారం ఆమె మరిది, మాట మాత్రమైనా చెప్పకుండా, కారు కొనే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి చుట్టూ తిరిగి చూసి, "నిలబడిపోయిన బండి. తుక్కు కింద తీసుకోవాల్సిందే" అన్నాడు.

"విన్నావుగా వదినా! తిరగని కారుకి ఇంత సేవెందుకు?" అన్నాడు మరిది.

పెద్దమ్మ పెదాల మధ్య ఎప్పుడూ ఒక గుండుసూది ఉండేది. గట్టిగా ఏదైనా చెప్పాలంటేనే దాన్ని తీసేది. ఇప్పుడు తీసింది.

"బాబూ, మీరెలా వచ్చారు?"

"బస్సు దిగి నడిచొచ్చానమ్మా."

"అయ్యో, ఎక్కండి. స్టాండు దాకా దింపేస్తాను."

ఆమె తీగ బిగించి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. మరిది నోరు తెరిచేలోగా కారు గేటు దాటింది. అరగంటకు ఆమె ఒక్కతే తిరిగొచ్చి, సుద్దతో చక్రం పక్కన కూర్చుంది. మరిది ఇంకా అక్కడే ఉన్నాడు.

"అలా ఒకేచోట నిలబడకండి మరిదిగారూ, అరికాళ్లు అణిగిపోతాయి" అంటూ గీత పెట్టింది.